61 రోజుల సంగతి సరే, 62వ రోజు మాటేమిటి?

తీరం కుర్రాడు · ఏప్రిల్ 19, రాత్రి 9:40

మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. బోట్లు ఒడ్డుకు లాగి నాలుగు రోజులైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఇంజను ఉన్న పడవ ఏదీ నీళ్లలో దిగకూడదు. నాన్న వల ముందేసుకుని కూర్చున్నాడు. చిరుగులు కుట్టడం ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు. మే మొదటి వారంలో షావుకారు ఇంటికి వెళ్తాడు.

అందరూ అడిగేది ఒకటే, వేట లేని 61 రోజులు ఎలా గడుస్తాయని. ఎలాగోలా గడుస్తాయి, ప్రభుత్వ భృతి ఉంది, అప్పు పుడుతుంది. నా బాధ 62వ రోజుతో. పోయిన ఏడాది మా షావుకారు 30,000 ఇచ్చాడు. వడ్డీ లేదన్నాడు. షరతు ఒకటే, పడిన చేప ఆయనకే ఇవ్వాలి. బయట కిలో 180 పలికే సరుకుకు ఆయన 150 కట్టాడు. రోజుకు సగటున 40 కిలోలు, నెలకు 20 రోజుల వేట. లెక్క వేసి చూశాను, ఒక్క నెలలో 24,000 ధరలోనే పోయింది. అసలు అలాగే ఉంది. వడ్డీ లేని అప్పు ఇదే అయితే వడ్డీ ఉన్నదే నయం.

ఈసారి పది కుటుంబాలం కూర్చుని మాట్లాడుకున్నాం. భృతి వచ్చాక ఇంటికి 5,000 చొప్పున కలిపితే 50,000 అవుతుంది. దానితో ఏం చేస్తే జూన్ 15న చేప మా చేతిలో ఉంటుంది? తెలిసినవారు చెప్పండి. వేరే పని చూసుకోమని మాత్రం చెప్పకండి, అది మా అమ్మ రోజూ చెబుతూనే ఉంది.

---

బారువ మాస్టారు · ఏప్రిల్ 19, రాత్రి 10:25

బాబూ, ప్రశ్న సరిగ్గా అడిగావు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క వేసి అడిగే కుర్రాణ్ణి చూస్తే సంతోషంగా ఉంటుంది.

కుర్రవాళ్ల కోసం కొంచెం పాత సంగతి చెబుతాను. తూర్పు తీరంలో ఈ నిషేధం మొదట 47 రోజులే, ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా. 2015లో 61 రోజులు చేశారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని, తల్లిచేపను వదిలితే పిల్ల మిగులుతుందని కారణం. దాన్ని నేను తప్పుపట్టను. మా ఊరి పెద్దవాళ్లూ తప్పుపట్టరు. నిషేధం ఎత్తేయమనే వాళ్లకంటే, మా తీరంలో వేట ఆపినప్పుడు పెద్ద ట్రాలర్లు కూడా నిజంగా ఆగాయా అని అడిగేవాళ్లే ఎక్కువ.

భృతి కూడా పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు 4,000, 2019 నుంచి 10,000. పోయిన ఏడాది, అంటే 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి మన జిల్లాలోనే, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో 20,000 పథకం ప్రారంభించారు. ఆ రోజు నేనూ వెళ్లాను. ఎండకు తట్టుకోలేక సభ మధ్యలోనే వచ్చేశాను, అది వేరే కథ.

నా సందేహం ఒకటి. పది కుటుంబాల డబ్బు కలపడం తేలిక. లెక్క రాసేదెవరు?

---

విజయనగరం వాణ్ణి · ఏప్రిల్ 20, ఉదయం 8:10

నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మమ్మగారిది పూసపాటిరేగ వైపు. ఈ చేపలు పట్టి ఎంతకాలం బతుకుతారు? సముద్రపు నాచు పెంపకం చూడండి. తమిళనాడులో ఆడవాళ్లు వెదురు తెప్పల మీద నాచు కట్టి 45 రోజులకు ఒక పంట తీస్తున్నారు. లేదంటే సముద్రంలో పంజరాల్లో పండుగప్ప. అదీ కాదంటే బీచ్ దగ్గర నాలుగు గదులు వేసి పర్యాటకులకు అద్దెకివ్వండి. 50,000 చేపల్లో పోయకండి.

---

లెక్కల పుస్తకం · ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:30

మత్స్యశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాచు గురించి ఊళ్లలో ఉపన్యాసాలు నేనే ఇచ్చాను కనుక చెప్పే హక్కు నాకుంది.

తమిళనాడులో మండపం అనే ఊరి దగ్గర పాక్ అఖాతం నీళ్లు చూశారా? చెరువులా ఉంటాయి. లోతు తక్కువ, అల తక్కువ. అక్కడ వెదురు తెప్ప నిలుస్తుంది. మన దగ్గర బోటు నీళ్లలోకి దించడానికే ఆరుగురు అల విరిగే చోట ప్రాణాలకు తెగించాలి. ఆ కెరటాల్లో తెప్ప నెల రోజులు ఉండదు. పైగా ఆ ఎర్ర నాచుకు ఉప్పు పట్టు తప్పకూడదు. వానాకాలంలో వంశధార, నాగావళి పొంగి వచ్చాక ఒడ్డు దగ్గర నీళ్ల ఉప్పదనం పడిపోతుంది, నాచు కుళ్లుతుంది. పాఠం బాగానే ఉంది, కానీ పంతులు వేరే ఊరివాడు.

పంజరాల సంగతికొస్తే, దేశంలో మొదటి సముద్ర పంజరం 2007లో విశాఖలోనే వేశారు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు. పండుగప్ప పెంచారు కూడా. కానీ పంజరం, లంగరు, పిల్లలు, మేత అన్నీ కలిపితే 50,000 మాటే కాదు. అక్టోబరు వచ్చిందంటే మన దగ్గర తుపాను భయం. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ. తిత్లీ పలాస, వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది. ఆ రాత్రి ఎన్ని బోట్లు, ఎన్ని వలలు పోయాయో ఆ ఊళ్లకే తెలుసు. ఆ సముద్రంలో పంజరాన్ని అప్పు చేసి వేయమని నేను ఎవరికీ చెప్పను.

గదుల గురించి మాట్లాడను. తుపాను వస్తే మనిషి ఎక్కడ పడుకోవాలో తేలని ఊరికి పర్యాటకుడెందుకు?

---

విజయనగరం వాణ్ణి · ఏప్రిల్ 20, సాయంత్రం 6:02

సరే, తెలియక అన్నాను. కానీ ఉప్పుటేరు ఉంది కదా, భావనపాడు వైపు?

---

లెక్కల పుస్తకం · ఏప్రిల్ 20, సాయంత్రం 7:15

ఇది మంచి ప్రశ్న. ఉప్పుటేటి పీతను గుల్ల విడిచాక, లోపల కండ లేని నీళ్లపీతగా అమ్మితే పైసా రాదు. ఒక పెట్టెలోనో దడి కట్టిన చిన్న మడుగులోనో ఉంచి, చౌక చేప మేతగా వేస్తే మూడు నాలుగు వారాల్లో కండ పడుతుంది, ధర రెట్టింపవుతుంది. పీతకు పీతే శత్రువు, కాబట్టి ఒక్కోదాన్ని విడిగా ఉంచాలి. ఏటి పక్కన ఇల్లున్న ఒకటి రెండు కుటుంబాలకు సరిపోతుంది. పది కుటుంబాలకు చాలదు.

---

పడమటి సముద్రం · ఏప్రిల్ 21, రాత్రి 11:48

గుజరాత్ వెరావల్ నుంచి రాస్తున్నాను. పదేళ్లుగా ఇక్కడ ట్రాలర్ మీద పని. మాది కూడా మీ పక్క ఊరే.

మీరంతా 61 రోజులు అంటున్నారు. నాలాంటివాడికి నిషేధం రెండుసార్లు, భృతి మాత్రం ఒకసారి కూడా లేదు. ఊళ్లో ఏప్రిల్‌లో బోట్ల దగ్గర భృతికి పేర్లు రాసుకునేటప్పుడు నేను ఇక్కడ సముద్రం మీద ఉంటాను. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది, నేను ఇల్లు చేరేసరికి మీ నిషేధం అయిపోవస్తుంది. రెండు నెలలు ఖాళీగా కూర్చుని మళ్లీ రైలెక్కుతాను.

మేం ఎందుకు వచ్చామో ఎవరూ అడగరు. 193 కిలోమీటర్ల తీరం, రాష్ట్రంలోనే పొడవైనది. అయినా పెద్ద బోటు కట్టి ఒడ్డున నిలుపుకోవడానికి మా చిన్నప్పుడు ఒక్క హార్బరు లేదు. ఇసుకలోకి లాగగలిగేంత బోటుతోనే వేట, ఆ బోటు వెళ్లగలిగేంత దూరమే చేప. బుడగట్లపాలెం హార్బరు అన్న మాట విని విని చెవులు అరిగాయి. భావనపాడు అనుకున్న పోర్టుకు మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. పోర్టు వేరు, చేపల రేవు వేరు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

2018 నవంబరులో మన జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది గుర్తుందా? వాళ్లు వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి. ఆ ఏడాదికి పైగా కాలం ఇంట్లో ఆడవాళ్లు ఎలా గడిపారో నాకు తెలుసు, అందులో ఒకరు మా పినతల్లి కూతురు. ఆ వెంటనే మార్చిలో లాక్‌డౌన్. వేలమంది వెరావల్‌లో పడవల మీదే ఉండిపోయాం, బస్సులు వేసి తీసుకొచ్చేదాకా.

కుర్రాడా, నీ యాభై వేలు చిన్నదనుకోకు. నన్ను రైలెక్కకుండా ఆపే మొత్తం ఎంతో తెలుసా? ఇక్కడ సీజను ముందు చేతికిచ్చే అడ్వాన్సు. అంతే. అది అక్కడే పుడితే ఇక్కడికి ఎవడు వస్తాడు?

---

ఐసు బండి · ఏప్రిల్ 22, ఉదయం 5:20

షావుకారు షావుకారు అంటున్నారు కాబట్టి నేనే మాట్లాడతాను. మూడు ఊళ్లలో చేప కొంటాను. ఈ కుర్రాడి ఊరు కాదు.

రాత్రి రెండింటికి ఐసు దిమ్మలు కొట్టించి, వ్యాను పెట్టి, విశాఖ చేర్చేది ఎవరు? అక్కడ కమీషన్ ఏజెంటు నాకు పది రోజులకు డబ్బు ఇస్తాడు. నేను ఒడ్డున అప్పటికప్పుడు కట్టాలి. జూన్ 15న ఊరంతా ఒక్కసారే వేటకు దిగుతారు, మూడో రోజుకు కవళ్ల చేపలు గుట్టలు పడతాయి, ధర సగమవుతుంది. ఆ రోజు కూడా నేను కొనాలి. కొనకపోతే ఇసుకలో పారబోయాలి. నా దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆగస్టులో వెరావల్ వెళ్లిపోయినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల ఇంటి ముందు నేను గొడవ చేయలేదు. ఆ ముప్పై రూపాయల తేడాలో ఇవన్నీ ఉన్నాయి తమ్ముడూ.

---

తీరం కుర్రాడు · ఏప్రిల్ 22, ఉదయం 9:05

అన్నా, కోపం లేదు. మీరు చెప్పిన ఖర్చులు నిజమే. కానీ ఐసుకు ఎంత, వ్యానుకు ఎంత, అప్పుకు ఎంత అని విడదీసి మాకు ఎప్పుడైనా చెప్పారా? అన్నీ ఒకే ముప్పైలో కలిపేస్తే మేం దేనికి కడుతున్నామో ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి. గంప లెక్క. గంపకు ఇరవై కిలోలు అంటారు. ఆ గంపను ఎవరూ తూచగా నేను చూడలేదు.

---

ఐసు బండి · ఏప్రిల్ 22, ఉదయం 9:30

నా గంప తూచుకో. అభ్యంతరం లేదు.

---

గంపతల్లి · ఏప్రిల్ 23, సాయంత్రం 4:45

ఇన్ని మాటలు రాశారు, చేప అమ్మేదెవరో ఒక్కరూ రాయలేదు. మా అబ్బాయి టైపు చేస్తున్నాడు, మాటలు నావి.

ఇరవై రెండేళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి, నరసన్నపేట సంతలు తిరుగుతున్నాను. నా భర్త సముద్రంలో పోయాడు. భృతి బోటు మీద వెళ్లే మగవాడి పేరుతో వస్తుంది. వేట ఆగితే నాకు అమ్మడానికి చేప ఉండదు, కానీ నేను ఏ బోటులోనూ లేను కాబట్టి ఏ జాబితాలోనూ లేను. ఈ రెండు నెలలు నేను తినేది మార్చిలో ఎండబెట్టిన నెత్తళ్లు, సావళ్లు. అంటే అవి అమ్మిన డబ్బు.

మీ పది కుటుంబాల్లో ఆడవాళ్లు ఎందరు మాట్లాడారు? ఒడ్డున ఎవరి చేతిలో డబ్బు ఉంటే ధర వాళ్లదే. బోటు ఒడ్డు తాకే గంటలో నా చేతిలో ఐదు వందలు ఉంటాయి, షావుకారు చేతిలో యాభై వేలు. అందుకే ఆయన ఏరుకోగా మిగిలిన చేప నాకు. మీ 50,000లో ఇరవై వేలు పక్కన పెట్టండి, ఏమీ కొనకండి. ఆ డబ్బుతో మేం నలుగురు ఆడవాళ్లం పొద్దున మీ బోట్ల దగ్గరే బయటి ధరకు కొంటాం. సంతలో అమ్మి సాయంత్రానికి తెచ్చి అదే పెట్టెలో వేస్తాం. మర్నాడు మళ్లీ అదే డబ్బు. ఒకసారి మునిగిందంటే ఇచ్చేయమని అడగండి.

చేపల గంపతో బస్సు ఎక్కనివ్వరు. ఆటోకు సగం లాభం పోతుంది. దానికి ఎవరైనా ఉపాయం చెప్పండి, నాచు గురించి తర్వాత చూద్దాం.

---

బారువ మాస్టారు · ఏప్రిల్ 23, సాయంత్రం 5:30

అమ్మా, లెక్క రాసేదెవరని నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది.

---

బహుదా ఒడ్డు · ఏప్రిల్ 24, రాత్రి 8:55

ఇచ్ఛాపురం నుంచి. మా చుట్టాలు సగంమంది సరిహద్దుకు అవతల గంజాం జిల్లాలో ఉన్నారు. అక్కడి తీరంలో వేటకు వెళ్లే నోలియాలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

వాళ్లతో పోల్చుకుంటే మన నిషేధం ఏపాటిది? ఋషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్లు గుడ్లు పెడతాయని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏడు నెలలు వేట నిషేధం. ధామ్రా, దేవీ ముఖాల దగ్గర కూడా అంతే. తాబేలు మన బారువ ఒడ్డుకూ వస్తుంది, కానీ మనకు అంత కట్టడి లేదు.

అక్కడి మత్స్యకార మహిళా సంఘాలు కలిసి ‘సముద్రం’ అని ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. ఎండుచేప వాళ్లే తయారుచేసి కలిసి అమ్ముతారు. 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మా అత్త ఒక సంఘంలో ఉండేది. బహుమతి సంగతి ఆమెకు పెద్దగా పట్టలేదు. ఆమె చెప్పేది ఒక్కటే, ఒకరొకరుగా వెళ్తే వ్యాపారి కూర్చోమనడు, ఇరవైమంది ఒకే సరుకుతో వెళ్తే ఆయనే కుర్చీ వేస్తాడు అని.

---

కోనాడ · ఏప్రిల్ 25, ఉదయం 7:40

విజయనగరం జిల్లాకు తీరం ముప్పై కిలోమీటర్లు కూడా లేదు, రెండే మండలాలు, భోగాపురం, పూసపాటిరేగ. చంపావతి కలిసే చోటు మాది. ఇక్కడ యువకులు చేప వదిలేశారు. విమానాశ్రయం పనులు, ఫ్యాక్టరీల్లో కాపలా. నెలకు జీతం వస్తుంది, నిజమే. మా తమ్ముడు రాత్రంతా గేటు దగ్గర నిలబడి వచ్చి, పొద్దున ఏమీ మాట్లాడకుండా ఒడ్డుకు వెళ్లి వల లాగేవాళ్లకు చెయ్యి వేస్తాడు. కూలి కూడా అడగడు. ఎందుకురా అంటే నిద్ర పట్టదంటాడు.

ఇది సలహా కాదు. ఊరికే రాశాను.

---

నిర్వాహకుడు · ఏప్రిల్ 25, ఉదయం 10:00

కులాల పేర్లతో వాదన పెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. చర్చ ఎండుచేప, తూకం, డబ్బు మీద సాగనివ్వండి.

---

లెక్కల పుస్తకం · ఏప్రిల్ 25, రాత్రి 9:20

గంపతల్లి గారి మాట నా ముప్పై ఏళ్ల శిక్షణ తరగతులకంటే సూటిగా ఉంది. దాని మీదే కడతాను.

ముందు కాగితాల సంగతి. మత్స్యకారులకు కూడా 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. సకాలంలో తీరిస్తే వడ్డీ 4 శాతమే పడుతుంది. బోటు యజమానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి బ్యాంకు అతణ్ణి గుర్తిస్తుంది. పాలుకు, అంటే చేపలో వాటాకు, వెళ్లే కళాసీకి చూపడానికి ఏమీ ఉండదు. అందుకే సంఘం పేరుతో వెళ్లండి, పొదుపు పుస్తకం ఆరు నెలలు నడిపాక వెళ్లండి. మత్స్య సంపద యోజన అనే కేంద్ర పథకంలో ఇంకొకటి ఉంది, మత్స్యకారుడు వేట ఉన్న నెలల్లో మొత్తం 1,500 దాచుకుంటే, ప్రభుత్వం 3,000 కలిపి నిషేధ కాలంలో 4,500గా ఇస్తుంది. మొత్తం చిన్నదే, కానీ దాచే అలవాటుకు పనికొస్తుంది.

కేరళలో 1970లలో మరియనాడు అనే ఊళ్లో మత్స్యకారులు తమ చేపను తామే ఒడ్డున వేలం వేసుకోవడం మొదలుపెట్టారు. సంఘమే అప్పు ఇస్తుంది. రోజు అమ్మకంలో కొంత శాతం అప్పుకు, కొంత పొదుపుకు కోసుకుంటుంది. చేప పడని రోజు వాయిదా లేదు. సముద్రం మీద బతికేవాడికి నెలవారీ వాయిదా కుదరదని వాళ్లకు ముందే అర్థమైంది. మీ పది కుటుంబాలూ రాసుకోవలసిన మొదటి నియమం అదే.

ఇక ఎండబెట్టడం. ఇసుకలో పోస్తే ఇసుక అంటుకుంటుంది, కుక్క తొక్కుతుంది, చివరికి కోళ్ల మేత ధరకు పోతుంది. నడుమెత్తు పందిరి వేయండి. సరుగుడు కర్రలు మీ దగ్గర చవక. పైన పాత వల బిగించి కట్టండి, కింద నుంచి గాలి ఆడుతుంది. నెత్తళ్లను మంచి నీళ్లతో కడిగి పలచగా పరవాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. మంచి ఎండలో ఒకటి రెండు రోజులు చాలు. నాలుగు కిలోల పచ్చి చేపకు సుమారు కిలో ఎండుచేప అనుకోండి. ఆ లెక్కతోనే ధర కట్టండి, లేకపోతే తెలియకుండా నష్టపోతారు. పెద్ద చేపను చీల్చి, నాలుగు కిలోలకు కిలో ఉప్పు పట్టించాలి. నౌపడ ఉప్పు పక్కనే ఉంది, దానికి మించి వెతకనక్కర్లేదు. సరిగా ఆరకుండా సంచిలో కడితే వారంలో బూజు.

పచ్చి చేపకు ఐసు వేసవిలో కిలోకు కిలో. నలగ్గొట్టి, ఒక వరుస ఐసు, ఒక వరుస చేప. దిమ్మ మీద చేప పరచి గోనె కప్పితే పై చేప చల్లగా, కింది చేప మెత్తగా అవుతుంది. ఈ ఒక్క తప్పుతోనే కానాగంతలకు సగం ధర పోతుంది.

---

విజయనగరం వాణ్ణి · ఏప్రిల్ 26, ఉదయం 9:12

గంపతల్లి గారూ, ఆటో గురించి. నలుగురికీ కలిపి రోజూ ఒకే ఆటో, నెలకు ఇంత అని మాట్లాడుకుంటే? మా ఆఫీసుకు అలాగే వెళ్తాం. మూతబిగించే పెట్టెలైతే నీళ్లు కారవు, ఆటోవాడు కూడా సణగడు. ఒక పెట్టె నేను పంపుతాను. నాచుకు ప్రాయశ్చిత్తం అనుకోండి.

---

గంపతల్లి · ఏప్రిల్ 26, రాత్రి 7:30

పంపు బాబూ. తెల్లది వద్దు, మరక కనిపిస్తుంది.

---

తీరం కుర్రాడు · మే 17, రాత్రి 10:10

నిన్న కూర్చున్నాం. పదిలో ఇద్దరు తప్పుకున్నారు. ఒకరి ఇంట్లో పెళ్లి, ఇంకొకరు షావుకారు దగ్గర అప్పటికే తీసుకున్నారు. ఎనిమిదిమందికి 40,000. తూకం యంత్రం 4,800. రెండు ఐసు పెట్టెలు 11,000. సరుగుడు కర్రలు, తాళ్లు 3,500, పాత వల మాదే. ఇరవై వేలు గంపతల్లి అత్త చెప్పినట్టు కొనుగోలుకు. మిగిలింది 700, దానితో లెక్కలు రాయడానికి ఒక పుస్తకం, టీ.

పెద్ద గొడవ ఎక్కడ వచ్చిందో చెప్పనా? డబ్బు ఆడవాళ్ల చేతిలో పెట్టడం దగ్గర. మా పెదనాన్న గంటసేపు ఒప్పుకోలేదు. చివరికి మా అమ్మ లేచి, పోయిన ఏడాది ఆయన తీసుకున్న అప్పు ఎవరు తీర్చారో చెప్పమంది. తీర్చింది పెద్దమ్మ, ఎండుచేప అమ్మి. ఆయన బీడీ వెలిగించుకుని బయటికి వెళ్లాడు.

నాన్న ఈ ఏడాది షావుకారు ఇంటికి వెళ్లాడు. తీసుకున్నది మాత్రం పది వేలే.

---

పడమటి సముద్రం · మే 18, రాత్రి 12:05

ముప్పై నుంచి పదికి. నేను జూన్ మొదటి వారంలో వస్తున్నాను. పందిరి కట్టడానికి మనిషి కావాలంటే చెప్పు.

---

తీరం కుర్రాడు · జూన్ 21, రాత్రి 9:50

వారం అయింది, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

15న తెల్లవారుజామున దిగాం. నైరుతి గాలి, అల పెద్దది, మా ఊళ్లో సగం బోట్లు మధ్యలోనే తిరిగొచ్చాయి. 16న కూడా పెద్దగా లేదు. 18న కవళ్లు పడ్డాయి, ఐసు బండి అన్న చెప్పినట్టే గుట్టలు. ధర కూలింది. అత్త వాళ్లు నలుగురు కొన్నంత కొన్నారు, నరసన్నపేటలో మధ్యాహ్నానికి అమ్ముడైంది. ఇరవై వేలు సాయంత్రానికి 21,900 అయి తిరిగొచ్చాయి, ఆటో పోను. మిగిలిన కవళ్లు, నెత్తళ్లు పందిరి మీద పరిచాం. 19 మధ్యాహ్నం వాన. కప్పడానికి ఏమీ లేదు. సుమారు అరవై కిలోల పచ్చి చేప పాడైంది. అత్త ఏమీ అనలేదు, అదే బాధ.

తూకం సంగతి. మా షావుకారు గంపను మొదటిసారి యంత్రం మీద పెట్టాం. ఇరవై అనుకున్న గంప ఇరవై నాలుగున్నర చూపించింది. మూడుసార్లు పెట్టాం. ఆయన కూడా వంగి చూశాడు. యంత్రం తప్పన్నాడు. పక్కన ఐదు కిలోల రాయి పెట్టి చూపించాం, సరిగ్గా ఐదే. అప్పుడు నవ్వి, గంపలు అల్లేవాడి తప్పన్నాడు. మర్నాటి నుంచి మా ఎనిమిది బోట్ల దగ్గర తూకమే. మిగతా ముప్పైరెండు బోట్ల దగ్గర ఇంకా గంపే. కానీ నిన్న వాళ్లలో నలుగురు యంత్రం అడిగి పట్టుకెళ్లారు.

---

ఐసు బండి · జూన్ 21, రాత్రి 10:20

నా గంప ఇరవై ఒకటి వచ్చింది. తూచి చెబుతున్నాను. ఒక కిలో సంగతి నేను చూసుకుంటాను.

మీ ఎనిమిది బోట్ల సరుకు ఒకచోట, ఐసు వేసి, తూచి ఇస్తే నాకు రాత్రి పని సగం తగ్గుతుంది. బయటి ధరకు పన్నెండు తక్కువకు తీసుకుంటాను. ఐసుకు ఐదు, వ్యానుకు ఏడు. విడదీసి చెప్పమన్నావు కదా. మాట్లాడదాం.

---

లెక్కల పుస్తకం · జూన్ 21, రాత్రి 10:45

పోయిన అరవై కిలోలను నష్టంగా పుస్తకంలో రాయండి, దాచకండి. వానాకాలంలో పచ్చి అమ్మకం, ఎండాకాలంలో ఎండబెట్టడం. సెప్టెంబరు దాకా పందిరి మీద ఆశ పెట్టుకోకండి.

---

గంపతల్లి · జూన్ 22, ఉదయం 6:15

సెప్టెంబరు దాకా ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగుతుంది సారూ. మధ్యలో ఎండ కాసే రోజులుంటాయి. మాకు కావలసింది గట్టి టార్పాలిన్, వాన మొదలవగానే ఇద్దరు ఆడవాళ్లు లాగగలిగేది. టెక్కలిలో ఎక్కడ మంచిది దొరుకుతుంది?

---

పడమటి సముద్రం · జూన్ 22, ఉదయం 6:40

నేను పదింటికి టెక్కలి వెళ్తున్నాను అక్కా. కొలత చెప్పు.

---

గంపతల్లి · జూన్ 22, ఉదయం 6:44

పద్దెనిమిది అడుగులు, ఇరవై నాలుగు. అంచుకు కన్నాలు ఉన్నది చూడు. రసీదు మరిచిపోకు, పుస్తకంలో రాయాలి.